లిమరిక్‌లో లీగు ఆట: ఒక చెడుగుడు మాస్టారి లెక్క

రగ్బీ రెండు రకాలని నాకు రిటైరయ్యాకే తెలిసింది. పదిహేనుమంది ఆడేది యూనియన్, పదమూడుమంది ఆడేది లీగు. ఐర్లండ్‌లో మొదటిదానికి స్టేడియాలు, టీవీలు, స్పాన్సర్లు. రెండోది ఆడుతున్న ఊళ్లోనే పక్క వీధివాళ్లకు తెలీదు. నాకు నచ్చింది ఆ రెండోది. ఎందుకు నచ్చింది, అది అక్కడ పెరిగే వీలు ఎంతుంది, ఎటునుంచి పెరగాలి అనేదాని మీద నా లెక్క నేను రాస్తున్నా. చదివి నా పాత శిష్యులు ఫోన్ చేసి కొట్లాడతారు, తెలుసు. కొట్లాట కూడా వాళ్లకు నేను నేర్పించిందే.

నా సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మాది కందుకూరు. ప్రకాశం జిల్లాలో పీఈటీగా ఉద్యోగంలో చేరి నెల్లూరు జిల్లాలో రిటైరయ్యా. నేను కదల్లేదు, 2022లో జిల్లా గీతే కదిలింది. సర్వీసంతా జిల్లా పరిషత్తు హైస్కూలు పిల్లలకు చెడుగుడు, ఖోఖో ఆడించా. మా అమ్మాయి ఐర్లండ్‌లో లిమరిక్ అనే ఊళ్లో నర్సు. అల్లుడు సాఫ్ట్‌వేరు. మనవడు అక్కడే పుట్టాడు. ఇక్కడ రోళ్లు పగిలే ఎండలు మొదలుకాగానే "అమ్మని తీసుకుని వచ్చెయ్ నాయనా" అని ఫోను వస్తుంది. మా ఆవిడ మనవడి కోసం ఎక్కుతుంది విమానం. నేను, అబద్ధమెందుకు, ఆ సాయంత్రాల కోసం ఎక్కుతా. జూన్‌లో లిమరిక్‌లో పొద్దు గూకేసరికి రాత్రి పది. డిసెంబరులో ఐదున్నరకే మసకబడి, సెలెక్షన్లు నెత్తిమీదుండగా పిల్లల్ని ఇంటికి పంపేసిన రోజులు గుర్తొచ్చి కడుపు మండింది నాకు.

అట్టా ఒక సాయంత్రం నడకకు పోయి, ఒక కాలేజీ పక్క మైదానంలో ఆట జరుగుతుంటే నిలబడ్డా. చూసేవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. ఒకాయన కుక్కని తోలుకొచ్చాడు, ఆ కుక్క కూడా ఆట చూడటంలా. అయితే పది నిమిషాలు తిరక్కముందే నాకు ఆట పట్టుబడింది. మా అల్లుడు యూనియన్ మ్యాచులు టీవీలో ఎన్ని చూపించినా రాని జ్ఞానం అది. ఒకడు బంతి చంకన ఇరికించుకుని ఎదురుగా దూసుకొస్తాడు. అవతలివాళ్లు ఇద్దరో ముగ్గురో మీదపడి ఆపుతారు. పడినవాడు లేచి, బంతిని నేలన పెట్టి, కాలితో వెనక్కి నెడతాడు. వెనకవాడు అందుకుని మళ్లీ దూసుకుపోతాడు. అడ్డుకునే జట్టు మాత్రం ప్రతిసారీ 10 మీటర్లు వెనక్కి పోవాలి. ఇట్టా ఆరుసార్లు. ఆరోసారీ పట్టుబడితే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత గోలు తన్నితే ఇంకో 2. అంతే ఆట. యూనియన్‌లో అట్టా కాదు, పడినవాడి మీద రెండు జట్లూ కుప్పగా పడి బంతి కోసం గింజుకుంటాయి. ఈలోపు రిఫరీ ఈల వేస్తాడు. ఎందుకేశాడని అడిగితే పక్కన కూర్చున్న ఇద్దరు రెండు కారణాలు చెబుతారు.

లీగులో నేను చూసింది మన చెడుగుడే. కూతకొచ్చినవాణ్ణి ఒకడు కాళ్ల దగ్గర పట్టాలి, రెండోవాడు నడుం దగ్గర బిగించాలి, మూడోవాడు గీతవైపు పోనీకుండా అడ్డం నిలబడాలి. ముగ్గురూ ఒకే క్షణంలో కదలకపోతే వాడు జారిపోతాడు. అక్కడా అదే పని, కాకపోతే మన బరి ఈ చివర నుంచి ఆ చివరికి 13 మీటర్లు, వాళ్లది 100. ఎర్రజుట్టు కుర్రాడొకడు, నాకంటే మూరెడు పొడుగు, ప్రతిసారీ ఛాతీ దగ్గర పట్టబోయి విదిలించుకుని పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. మూడోసారి నావల్ల కాలేదు. "కిందకి పట్టరా నాయనా, కిందకి!" అని తెలుగులో అరిచేశా. కుక్క అప్పుడు నావైపు తిరిగింది.

ఆట అయ్యాక జెండా పట్టుకున్నాయన వచ్చి పలకరించాడు. నా ఇంగ్లీషు ఆయనకీ, ఆయన ఇంగ్లీషు నాకూ సగం సగమే ఎక్కింది. మర్నాడు మా అల్లుణ్ణి వెంటబెట్టుకుపోయా. ఆయనే క్లబ్బు సెక్రటరీ, ఆయనే గీత దగ్గర జెండా ఊపేవాడు, జెర్సీలు ఉతికేది కూడా వాళ్లింట్లోనే. వచ్చే వారం మ్యాచు ఉందా అని అడిగితే "అవతలివాళ్లకు పదముగ్గురు దొరికితే ఉంటుంది" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. మండల స్థాయి పోటీలకు ఐదుగురు పిల్లల్ని ఆటోలో వేసుకొచ్చి, మిగతా ఇద్దరినీ మా బడి నుంచే అప్పడిగిన మాస్టార్లను నేను చూశా.

ఇంతకీ ఈ ఆట ఎందుకు విడిపోయిందో తెలిశాక ఇంకా దగ్గరైంది. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో క్లబ్బులవాళ్లు కూర్చుని పాత సంఘం నుంచి బయటికొచ్చారు. తగాదా అంతా కూలి గురించే. అక్కడి ఆటగాళ్లు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనివాళ్లు. శనివారం ఆటకొస్తే ఆ పూట జీతం పోతుంది. పోయిన జీతమన్నా ఇవ్వనివ్వండి అని క్లబ్బులు అడిగాయి. ఆట ఆట కోసమే ఆడాలి, డబ్బు ముట్టకూడదు అన్నారు లండన్ పెద్దమనుషులు, వాళ్లకు శనివారం సెలవే గాబట్టి. విడిపోయినవాళ్లు రోజుకు 6 షిల్లింగులు ఇచ్చుకున్నారు. 1906లో ఇద్దర్ని తగ్గించి పదమూడు చేశారు, పడినవాడు లేచి బంతిని కాలితో ఆడించే పద్ధతి పెట్టారు. చూడ్డానికొచ్చే జనానికి ఆట కనబడాలి కదా, టిక్కెట్ల డబ్బులోంచే కూలి ఇవ్వాలి మరి.

మా కందుకూరు ప్రాంతంలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పొగాకు రెలుపుళ్ల కాలం వచ్చిందంటే నా జట్టు సగం ఖాళీ. రాత్రీ పగలూ ఆకు ఎండబెట్టే బ్యారన్లు మండుతుంటాయి. ఆకు కోసేవాళ్లు, కర్రలకు కట్టేవాళ్లు, బ్యారన్‌లోకి అందించేవాళ్లు, ఇంటిల్లిపాదీ అక్కడే. నా దగ్గర ఒక కూతగాడు ఉండేవాడు, ఎడమ కాలితో ఎంత దూరం తాకేవాడో చెబితే నమ్మరు. జోనల్ సెలెక్షన్ల రోజు రాలేదు. వాళ్లింటికి పోతే వాళ్ల నాయన మంచం వాల్చి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చాలా మర్యాదగా అడిగాడు: "ఆటకి పోతే కూలి ఎవరిస్తారు సార్?" హడర్స్‌ఫీల్డ్‌లో అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. అక్కడ జవాబు చెప్పడానికి ఒక సంఘం పుట్టింది. మా ఊళ్లో పుట్టలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇంత న్యాయమైన కారణంతో పుట్టిన ఆట పక్కనే సముద్రం అవతలున్న ఐర్లండ్‌లో ఎందుకు వేళ్లూనలేదు? నాకు తోచింది ఇది: ఆ తగాదాని భుజాన వేసుకునేవాళ్లు అక్కడ లేరు. డబ్లిన్‌లో, కార్క్‌లో, బెల్‌ఫాస్ట్‌లో యూనియన్ ఆడింది ఎక్కువగా ఫీజులు కట్టి చదివే కాలేజీ బడుల పిల్లలు, డాక్టర్లు, లాయర్లు. వాళ్లకు కూలి పోయేదేముంది? లిమరిక్ ఒక్కటే తేడా, ఇక్కడ రేవులో పనిచేసేవాళ్లూ ఫ్యాక్టరీవాళ్లూ కూడా యూనియన్నే తమ ఆట చేసుకున్నారు. ఇక పల్లెల్లో కష్టజీవులు 1884లో తుర్లెస్‌లో పుట్టిన గేలిక్ సంఘం కింద కర్రతో బంతిని కొట్టే హర్లింగ్, చేతులూ కాళ్లూ రెండూ వాడే గేలిక్ ఫుట్‌బాల్ ఆడారు. దానికీ జీతం లేదు, ఈరోజుకీ లేదు. 82 వేలమంది పట్టే క్రోక్ పార్క్‌లో ఫైనల్ ఆడి, సోమవారం పొద్దున బడికి పోయి పాఠం చెప్పే మాస్టార్లున్నారు. వాళ్లు డబ్బు అడగరు. ఎందుకంటే అది ఊరి జెండా. ఇంగ్లీషువాళ్లు పాలించిన రోజుల్లో పుట్టి, మా ఆట మాదే అని నిలబడ్డ సంఘం. 1971 దాకా దాని సభ్యులు రగ్బీ, సాకర్, క్రికెట్, హాకీ ఆడకూడదు, చూడటానిక్కూడా పోకూడదు అని నిషేధమే ఉండేది. అట్టాంటి చోట ఉత్తర ఇంగ్లండు మిల్లు కార్మికుల ఆట పోయి తలుపు తడితే ఎవరు తీస్తారు?

వేల్స్‌లో కథ వేరు. అక్కడ యూనియన్ ఆడింది బొగ్గు గనుల, ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లు. లీగువాళ్లు డబ్బు చూపిస్తే మంచి మంచి ఆటగాళ్లు ఉత్తర ఇంగ్లండ్‌కి పోయారు, 1989లో జోనథన్ డేవిస్ విడ్నెస్ క్లబ్బుకి పోయినట్టు. ఐర్లండ్ నుంచి అట్టా వరసకట్టి పోయింది లేదు. తీరా ఐర్లండ్ లీగు జట్టు మొదటి అంతర్జాతీయ మ్యాచు ఆడింది 1995 మార్చి 17న. సెయింట్ పాట్రిక్ పండగ రోజు, వాళ్లకు మన సంక్రాంతంత పండగ. ఆడింది ఎక్కడ? వాషింగ్టన్‌లో, అమెరికాతో. అదే ఏడాది ఆగస్టులో యూనియన్ కూడా ఆటగాళ్లకు జీతాలివ్వొచ్చని ఒప్పేసుకుంది. వీళ్లు దుకాణం తెరిచిన ఏడాదే ఎదురుగా ఉన్న పెద్ద దుకాణం అదే సరుకు పెట్టుకుంది. కూలి ఇస్తాం రండి అనే వందేళ్ల పిలుపుకి ఇక విలువ లేకుండా పోయింది.

రెండో చిక్కు కాలానిది. ఇది పుస్తకాల్లో కాదు, మా అమ్మాయి ఇంటి ఫ్రిజ్ మీద అంటించిన టైంటేబుల్లో చదివా. ఇంగ్లండ్‌లో 1996లో సూపర్ లీగ్ అనే ప్రొఫెషనల్ పోటీ పెట్టినప్పుడు ఆటని చలికాలం నుంచి ఎండాకాలానికి మార్చారు. యూనియనూ సాకరూ చలికాలంలో ఆడతారు కాబట్టి మనకు దారి దొరుకుతుందని. ఇంగ్లండ్‌లో సరే. ఐర్లండ్‌లోనూ లీగు క్లబ్బులు వేసవిలోనే ఆడతాయి. కానీ ఐర్లండ్‌లో వేసవి ఖాళీ ఎక్కడిది? అది హర్లింగ్‌ది. అందులోనూ లిమరిక్‌లో! ఈ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, 2018లో హర్లింగ్‌లో ఐర్లండ్ ఛాంపియన్, మళ్లీ 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగేళ్లు ఛాంపియన్. వేసవి వచ్చిందంటే కిటికీలకు ఆకుపచ్చ జెండాలు. చేతిలో హర్లింగ్ కర్ర లేకుండా నడిచే పిల్లాడు కనబడడు. మా ఎదురింటాయన గేలిక్ క్లబ్బులో వాలంటీరు, రిటైర్డు బస్సు డ్రైవరు. మనవడికి ఐదేళ్లు నిండగానే తనే ఒక చిన్న కర్ర తెచ్చి చేతిలో పెట్టాడు. శనివారం పొద్దున మైదానానికి పోతే వందమంది పిల్లలు, కోచింగ్ ఇచ్చేది తల్లులూ తండ్రులే, టీ పోసేదీ వాళ్లే. మైదానం క్లబ్బు సొంతం. మన దగ్గర బడి మైదానంలో సగం కోల్పోయి పీఈటీలు ఎట్టా ఆడిస్తారో తెలిసినవాణ్ణి గాబట్టి, సొంత మైదానం అనే మాట దగ్గర కాసేపు ఆగిపోయా.

ఇక సెప్టెంబరు నుంచి మే దాకా మా అల్లుడిది. ఆయన ఆ ప్రాంతపు యూనియన్ జట్టు మన్‌స్టర్‌కి భక్తుడు. తొమర్డ్ పార్క్ అని నేను పలికితే సరిదిద్ది "థోమండ్ మామయ్యా" అంటాడు. 1978లో ఆ మైదానంలోనే మన్‌స్టర్ న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్‌ని 12-0తో కొట్టింది. ఆరోజు మేం అక్కడే ఉన్నాం అని చెప్పుకునేవాళ్లందరినీ కూర్చోబెట్టాలంటే క్రోక్ పార్క్ కూడా చాలదు. ఆ గ్రౌండూ, హర్లింగ్ ఆడే గేలిక్ గ్రౌండ్సూ రెండూ షానన్ నదికి ఒకే వైపు, నడిచిపోయేంత దూరం. ఆ రెండిటి మధ్య ఆ సెక్రటరీ ఉతికిన జెర్సీలు ఆరేసుకోవాలి.

మరి ప్రపంచ కప్పుల్లో ఐర్లండ్ పేరు వినబడుతూనే ఉంటుంది కదా అని ఎవరన్నా అడుగుతారు. నిజమే, 2000 ప్రపంచ కప్పులో గ్రూపులో మూడు మ్యాచులూ గెలిచి, క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో 26-16తో ఓడారు. 2017లో ఇటలీని 36-12తో, వేల్స్‌ని 34-6తో కొట్టారు. పాపువా న్యూగినీతో వాళ్ల దేశంలో 14-6తో మాత్రం ఓడారు. రెండు గెలిచిన ఐర్లండ్ ఇంటికి పోయింది. ఇంకో గ్రూపులో ఒక్కటీ గెలవకుండా, ఒక్క డ్రాతో సమోవా క్వార్టర్ ఫైనల్‌కి పోయింది. ఆ గ్రూపుల్ని ఎవరు గీశారో గానీ, స్కూల్ గేమ్స్‌లో అట్టాంటి ఫిక్చరు వేసుంటే మా పీఈటీలందరం టెంటు పీకేసేవాళ్లం. 2022లో జమైకాని 48-2తో చిత్తు చేశారు, తర్వాత లెబనాన్, న్యూజిలాండ్ దగ్గర ఆగిపోయారు.

ఈ గెలుపుల్లో మెలిక ఉంది. ఆ జట్లలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగినవాళ్లు. తాతదో అమ్మమ్మదో ఐర్లండ్ అయితే చాలు, ఆడొచ్చు. 2022 జట్టులో లూక్ కీరీ అని సిడ్నీ రూస్టర్స్ ఆటగాడు ఉన్నాడు, అంతకుముందు ఆస్ట్రేలియాకి కూడా ఆడినవాడు. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఒకప్పుడు ఆకలితో దేశం విడిచి పోయినవాళ్ల మనవలు వాళ్లు, తాత ఊరి పేరు గుండె మీద వేసుకుని ఆడతామంటే కాదనడానికి మనమెవరం? అయితే ఆ మ్యాచు అయిపోగానే వాళ్లు సిడ్నీకో లీడ్స్‌కో పోతారు. లిమరిక్‌లో మంగళవారం సాయంత్రం ప్రాక్టీసుకి రారు. 2013 ప్రపంచ కప్పులో థోమండ్ పార్క్‌లోనే ఐర్లండ్, ఆస్ట్రేలియా లీగు మ్యాచు పెట్టారు. 50-0తో పోయింది. చూడ్డానికి సుమారు ఐదువేలమంది వచ్చారట. ఆ స్టేడియంలో పాతికవేలు పడతారు. ఆ ఐదువేలల్లో పిల్లల్ని తెచ్చినవాళ్లకు, మర్నాడు ఆ ఆట ఎక్కడ ఆడించాలో చెప్పేవాళ్లు గేటు దగ్గర నిలబడ్డారో లేదో! నేనయితే స్కోరుబోర్డు కన్నా ముందు ఆ సంగతి చూసేవాణ్ణి.

మా అల్లుడిది ఇంకో వాదం. "పైనుంచి ఒక పెద్ద ప్రొఫెషనల్ టీం దింపితే చాలు మామయ్యా, మిగతాది అదే వస్తుంది" అంటాడు. సాఫ్ట్‌వేరువాళ్లందరిదీ ఇదే నమ్మకం. సూపర్ లీగ్ మొదలైన 1996లోనే పారిస్‌లో ఒక జట్టు పెట్టారు, మొదటి మ్యాచుకి దాదాపు 18 వేలమంది వచ్చారు. 1997 దాటలేదు ఆ జట్టు. కెనడాలో టొరంటో జట్టు 2017లో కింది డివిజన్‌లో మొదలుపెట్టి, 2020కి సూపర్ లీగ్‌కి ఎక్కి, కరోనాలో డబ్బు ఆగిపోయి సీజను మధ్యలోనే వెళ్లిపోయింది. గట్టిగా నిలబడింది దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్పిన్యా జట్టు, కాటలాన్స్ డ్రాగన్స్. 2006లో చేరి, 2018లో ఛాలెంజ్ కప్పు గెలిచింది. తేడా ఎక్కడుంది? ఆ ప్రాంతంలో 1930ల నుంచీ ఊళ్లలో లీగు ఆడుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో విషీ సర్కారు ఆ ఆటని నిషేధించి ఆస్తులు లాక్కుంది. అయినా చావలేదు. ఊళ్లో ఆటుంటేనే పైన జట్టు నిలుస్తుంది.

మన దగ్గరా చూశా కదా. 2014లో ప్రొ కబడ్డీ వచ్చింది, తెలుగు టైటాన్స్ అని మన జట్టూ వచ్చింది. మా పిల్లలు రాహుల్ చౌదరి లాగా తొడ కొట్టడం వారంలో నేర్చుకున్నారు. సంతోషమే. దాంతోపాటు మట్టిలో ఆడం, మ్యాటు కావాలి, షూస్ కావాలి అనడం కూడా నేర్చుకున్నారు. మ్యాటు కొనేదెవరు? ఆ టీవీ వెలుగు కందుకూరు దాకా వచ్చింది గానీ డబ్బు రాలేదు. మా వైపు చెడుగుడు బతికుందంటే సంక్రాంతికీ తిరునాళ్లకూ ఊరి కుర్రాళ్లు చందాలేసుకుని, ఫ్లడ్ లైట్లు కట్టి, తెల్లవార్లూ ఆడించే పోటీల వల్ల. దానికి ఒక తేదీ ఉంది. ఎద్దుల బండలాగుడుకి ఎట్టా జనం వస్తారో దీనికీ అట్నే వస్తారు. క్రికెట్టు ఏడాదంతా ఆడుకోనీ, ఆ రెండు రాత్రులూ చెడుగుడువే.

లీగుకి ఐర్లండ్‌లో తేదీ లేదు. ఆగస్టు ఖాళీ కదా అని మా అల్లుడన్నాడు. ఖాళీ కాదు. జూలైలో కౌంటీల హర్లింగ్ ఫైనల్ అవగానే క్లబ్బుల పోటీలు మొదలని ఎదురింటాయన నిలబెట్టి చెప్పాడు. శని, ఆదివారాల మీద లీగు ఆశపెట్టుకుంటే ఇంకో వందేళ్లు ఇంతే.

నాకు ఆశ కనబడింది మా అమ్మాయి దగ్గర. ఒక బుధవారం డ్యూటీ దిగొచ్చి, అన్నం కూడా తినకుండా ట్రాక్ ప్యాంటు వేసుకుని బయల్దేరింది. "యాడికమ్మా?" అంటే "ట్యాగ్ నాయనా, హాస్పిటల్ టీం" అంది. బడిలో ఖోఖోకి రమ్మంటే తలనొప్పి అని తప్పించుకున్న పిల్ల! వెనకాలే పోయా. నడుముకి రెండు పట్టీలు అతికించుకుంటారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల పట్టీ లాగేస్తే పట్టుబడ్డట్టు, మీద పడటం ఉండదు. ఆడా మగా కలిసి ఆడతారు. నర్సులు, బ్యాంకువాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు, ఫిలిప్పీన్స్, బ్రెజిల్, కేరళ, అందరూ. వేసవి సాయంత్రాల్లో ఐర్లండంతా వేలమంది ఆడే ఆట ఇది. నేను వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టా: ఆరుసార్లు పట్టీ పోతే బంతి అవతలివాళ్లది. కుప్పపడటం లేదు, గుంజులాట లేదు. ఇది లీగే! దాన్ని నడిపించడంలో యూనియన్ చెయ్యి ఉన్నా, ఆట నడక మాత్రం లీగుది. అంటే ఆరు లెక్కపెట్టడం వచ్చినవాళ్లు ఆ దేశంలో వేలల్లో ఉన్నారు, వాళ్లకే తెలియకుండా. అదీ వారం మధ్యలో, హర్లింగూ యూనియనూ వదిలేసిన పూట. కొత్తగా ఎవరికీ ఆట నేర్పక్కర్లేదు. ఆ వేలల్లో నూటికి ఇద్దరికి ఒకరోజు పట్టీ తీసేసి పట్టుకోవాలని బుద్ధి పుడితే ఆ సెక్రటరీకి జట్టు చాలదు, జట్లు కావాలి.

ఇంకో గుంపు ఉంది. యూనియన్‌లో పద్దెనిమిదేళ్లకు ప్రావిన్సు అకాడమీకి తీసుకునేది కొద్దిమందిని. మిగతా కుర్రాళ్లు పదేళ్లు నేర్చుకున్నది ఏం చేసుకోవాలి? గేలిక్ ఫుట్‌బాల్ నుంచి కూడా రావచ్చు. బ్రయాన్ కార్నీ అట్టా వచ్చినవాడే, విగన్ లీగు క్లబ్బుకి ఆడి, గ్రేట్ బ్రిటన్‌కి ఆడి, తర్వాత మన్‌స్టర్‌కి, ఐర్లండ్ యూనియన్ జట్టుకీ ఆడాడు. డబ్లిన్‌లో పుట్టిన రోనన్ మైకేల్ అక్కడి చిన్న క్లబ్బు నుంచే హడర్స్‌ఫీల్డ్ జెయింట్స్ దాకా పోయి, 2022 ప్రపంచ కప్పు ఆడాడు. దారి ఉంది. సన్నగా ఉందంతే. నాలుగు ప్రావిన్సుల్లో తలా ఒక క్లబ్బు పెట్టి జాతీయ లీగు అని బోర్డు కట్టేకంటే, అరగంట ప్రయాణంలో నాలుగు జట్లు ఒకచోట ఉండేట్టు చూసుకోవాలి. పదముగ్గురు దొరక్కపోతే తొమ్మిదిమందితో ఆడండి, మ్యాచు మాత్రం ఆపొద్దు అని చెప్పా ఆ సెక్రటరీకి. రద్దయిన మ్యాచుకి రెండోసారి పిల్లాడు రాడు.

మూడో గుంపు గురించి చెబితే స్వార్థం అంటారు, అననీండి. 2022 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో ఉంటున్నవాళ్లలో ఐదో వంతు బయట పుట్టినవాళ్లు. వాళ్ల పిల్లలకు ఏ ఊరి క్లబ్బులోనూ తాతల నాటి ఫొటో లేదు, ఏ కాలేజీ బడి టై మెడలో లేదు. వాళ్లను ఎవరు ముందు పిలిస్తే వాళ్ల ఆటే ఆడతారు. ఐర్లండ్ లీగు జట్టు ఇన్నాళ్లూ తాతల పాస్‌పోర్టులు వెతికింది. ఇప్పుడు తాత కందుకూరులో ఉన్నా, తను లిమరిక్ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. గేలిక్ క్లబ్బువాళ్లు ఈ సంగతి గ్రహించారు, మా ఎదురింటాయన కర్ర తెచ్చింది ఊరికే కాదు.

అందుకని పెరుగుతుందా అంటే, పెద్దగా పెరగదు. యూనియన్‌ని, హర్లింగ్‌ని పక్కకు నెట్టడం మన మనవల మనవల కాలానికి కూడా జరగదు. కానీ పాతిక ముప్ఫై క్లబ్బులు, వాటి కింద చిన్నపిల్లల జట్లు, సొంత దేశంలో పుట్టినవాళ్లు సగమన్నా ఉన్న జాతీయ జట్టు, ఇవి అసాధ్యం కాదు. ఇంగ్లండ్ నుంచి డబ్బు వస్తుందని కూర్చోకుండా, వారం మధ్య సాయంత్రాలు పట్టుకుంటే.

మేం తిరిగొచ్చే ముందు ఆ సెక్రటరీ నన్ను ప్రాక్టీసుకి పిలిచాడు, కాళ్లు పట్టే పద్ధతి కుర్రాళ్లకు చూపించమని. ముందురోజు వాన, పచ్చిక జారుతోంది. మా ఆవిడ ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటావని ఇంట్లోంచి కదలనివ్వలేదు కాసేపు. పోయి, చీలమండ మీద చెయ్యెట్టా పడాలి, పడ్డాక మోచెయ్యి ఎట్టా మడవాలి, రెండోవాడు ఎప్పుడు దూకాలి అన్నీ చేసి చూపించా. ఎర్రజుట్టువాడు గంటలో పట్టేశాడు. వాడి మేనమామ మా వైపు కావలి ఊళ్లో ఉన్నాడేమో అనిపించేంత చక్కగా! ఊపిరి బిగబట్టి కూత పెట్టడం మాత్రం ఒక్కడి వల్లా కాలేదు.

వచ్చే వేసవికి పన్నెండేళ్ల లోపు పిల్లల జట్టు పెడతానన్నాడు సెక్రటరీ. మనవణ్ణి రాసుకోమన్నా. మా అల్లుడు ఫ్రిజ్ మీది కాగితం వంక చాలాసేపు చూసి, "హర్లింగ్ లేని రోజయితేనే మామయ్యా" అన్నాడు. గురువారం ఖాళీగా ఉంది.